కుక్క కరిచిన పెట్టకు పసుపు చాలు, కొక్కెర తెగులుకు చాలదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. పెరట్లో 14 నాటు కోళ్ళు, రెండు తల్లుల వెనుక పిల్లలు ఉన్నాయి. నాలుగు రోజుల క్రితం ఒక పెట్టను కుక్క పట్టుకోవడంతో తోక పైభాగాన మూడు వేళ్ళ వెడల్పున చర్మం చిరిగిపోయింది. పిల్లల్లో కొన్నింటికి కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో పొక్కులు లేచాయి. ఇవి చాలవన్నట్టు, సంతలో కొన్న పుంజు ఇంటికి వచ్చిన వారానికి రెండు పెట్టలు రెక్కలు జారవేసి, ఆకుపచ్చగా రెట్ట వేస్తూ మూలన నిలబడుతున్నాయి. పసుపు, వేపాకు ఉంటే చాలని మా అత్తగారు అంటారు. పుండు మీద కిరోసిన్ పోయమని పక్కింటివారు, మనుషుల క్యాప్సూలు సగం చొప్పున మింగించమని మందుల దుకాణంవారు చెబుతున్నారు. గుడ్లు మా చంటిపిల్లలే తింటారు కనుక మందుల జోలికి పోకుండా బాగుచేసుకోవాలని నా కోరిక. దారి చెప్పగలరు. ఒకవేళ కోళ్ళు పోతే అదే గూట్లో కొత్తవాటిని ఎప్పుడు పెట్టుకోవచ్చో కూడా చెప్పండి.

సమాధానం: అమ్మా, మీరు రాసినవి మూడు వేర్వేరు బాధలు. కుక్క కరిచిన పెట్టను ఇంట్లో ఉన్న వస్తువులతోనే చాలావరకు బాగుచేసుకోవచ్చు. పిల్లల పొక్కులకు మందు కన్నా ఓపికగా చేసే సేవ ముఖ్యం. మూలన నిలబడిన రెండు పెట్టల విషయంలో మాత్రం పసుపు గానీ, వేపాకు గానీ, వెల్లుల్లి గానీ పనిచేయవు. అక్కడ ఇంటి వైద్యాన్ని నమ్ముకుని రెండు రోజులు గడిపితే మిగిలిన కోళ్ళు కూడా చేతికి దక్కకపోవచ్చు. అందువల్ల ముందుగా వాటి సంగతే చెబుతాను.

రెక్కలు జారవేయడం, ఆకుపచ్చ, తెలుపు కలిసిన పలుచని రెట్ట వేయడం, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీయడం, ఆ తరువాత మెడ మెలితిరగడం లేదా కాళ్ళు పడిపోవడం కొక్కెర తెగులు లక్షణాలు. రాణిఖేత్ తెగులు అనేది దీనికే మరో పేరు. ఆసుపత్రిలో మీకు ఒడియా తడబడినా ఆ పేరు చెబితే వారికి అర్థమవుతుంది. ఇది వైరస్ వల్ల వచ్చేది. సోకిన తరువాత నయం చేసే మందు ఏ వైద్యంలోనూ లేదు. సోకిన వారం లోపే సాధారణంగా లక్షణాలు బయటపడతాయి కనుక, సంత పుంజు వచ్చిన వారానికి ఇది మొదలైందన్న మీ మాట నా అనుమానాన్ని పెంచుతోంది. ఆ పుంజు పైకి హుషారుగా కనిపించినా దాన్ని కూడా ఈరోజే వేరుగా కట్టండి. అయితే ఉత్తరం చదివి తెగులును తేల్చి చెప్పడం సరికాదు. కోళ్ళ కలరాలోనూ రెట్ట పచ్చగానే ఉంటుంది, కానీ అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు కనుక తొలిదశలో మందుకు లొంగవచ్చు. ఆ తేడాను తేల్చవలసింది కోడిని చూసి, అవసరమైతే చనిపోయినదాన్ని కోసి పరీక్షించే పశువైద్యుడే. సంచార పశువైద్య వాహనాల కోసం దేశమంతటా 1962 అనే ఉచిత నంబరు ఉంది. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆ రెండు పెట్టలు బతికి ఉన్నా లేకున్నా ఆ నంబరుకు ఫోను చేయండి.

వైద్యుడు వచ్చేలోగా చేయవలసిన పనులు మీ చేతిలోనే ఉన్నాయి. జబ్బు కోళ్ళను పెరటికి ఆ చివర, గాలి మిగిలిన కోళ్ళ వైపు వీచని చోట, గంప కింద ఉంచండి. మేత, నీళ్ళు ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి పెట్టి, ఆఖరున జబ్బువాటి దగ్గరకు వెళ్ళండి. వచ్చాక చేతులు, కాళ్ళు సబ్బుతో కడుక్కోండి. ఈ వైరస్ అప్పుడప్పుడు మనుషుల కళ్ళలో ఎరుపు, మంట తెస్తుంది కనుక కోడిని ముట్టిన చేత్తో కన్ను నలుపుకోకూడదు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. కోడి కాస్త ముడుచుకోగానే చచ్చేలోగా సంతకు తోలడం, లేదా కోసి వండుకుని ఈకలు, పేగులు పెంట మీద పారవేయడం మన పల్లెల్లో అలవాటు. కొండల మీది సవర గూడేల నుంచి, ఇటు ఆంధ్ర వైపు పల్లెల నుంచి కోళ్ళు ఒకే సంతకు చేరే సరిహద్దు ప్రాంతంలో తెగులు ఊరూరా తిరిగేది ఈ దారినే. మీ ఇంటికి అది ఎలా వచ్చిందో మీరే రాశారు. మీ ఇంటి నుంచి మరొకరికి పోకుండా చూడండి. చనిపోయిన కోడిని వంశధారలో వేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

ఒకటి రెండు కాక ఒకేసారి అనేక కోళ్ళు చనిపోవడం, తల మీది జుట్టు, గడ్డం కింది తమ్మెలు నీలంగా మారడం, ముఖం ఉబ్బడం కనిపిస్తే అది పక్షి జ్వరం కావచ్చు. మన దేశంలో అది మొదట బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. ఆ తరువాత ఒడిశాలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ కనిపించింది. అటువంటప్పుడు చచ్చిన కోళ్ళను ఒట్టి చేతులతో తాకకుండా, పిల్లలను ఆ వైపు పోనీయకుండా, వెంటనే పశువైద్య శాఖకు తెలపడమే చేయవలసిన పని.

ఇప్పుడు కుక్క కరిచిన పెట్ట సంగతి. ఇక్కడ మీ అత్తగారి మాటే సరైనది, కానీ పసుపు వేయడానికి ముందు చేయవలసినది చాలా ఉంది.

చీకటి పడి కోళ్ళు గూడెక్కిన తరువాత ఆ పెట్టను తీసుకుంటే పెనుగులాట తక్కువగా ఉంటుంది. పాత తువ్వాలు కప్పి రెక్కలు ఒంటికి ఆనేలా చుట్టి, తలను కూడా వదులుగా కప్పి, మరొకరి ఒడిలో ఉంచండి. రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకోవద్దు. మనకు ఉన్నట్టు ఊపిరి లాగే పొర కోడికి ఉండదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. దీపం వెలుగులో పుండు చుట్టూ ఉన్న ఈకలను కత్తెరతో చర్మానికి దగ్గరగా కత్తిరించండి. పీకవద్దు, కొత్తగా వచ్చే ఈక మొదట్లో రక్తం ఉంటుంది కనుక పీకితే మరో గాయమవుతుంది. లీటరు నీటిని మరిగించి, ఒకటిన్నర చెంచాల ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లారనిచ్చి, సూది లేని సిరంజితో గానీ మూతకు రంధ్రం చేసిన సీసాతో గానీ పుండులోకి ధారగా కొట్టండి. ఎండిన రక్తం, గడ్డిపరకలు, మట్టి అంతా పోయి, లోపలి మాంసం గులాబీ రంగులో శుభ్రంగా కనిపించేవరకు కడగాలి. వైద్యంలో సగం పని ఇక్కడే పూర్తవుతుంది. నాలుగు రోజులైంది కనుక కుట్లు వేసే సమయం దాటిపోయింది. మురికి లోపల ఉండగా కుట్టడం కన్నా తెరిచి ఉంచి రోజూ కడుక్కోవడమే మేలు, ఎందుకంటే కోడి చర్మానికి తనంతట తాను పూడుకునే శక్తి బాగా ఉంటుంది.

ఆ తరువాత పసుపు. మీ రాష్ట్రంలో దానికి కొరత లేదు. కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విడిగా అమ్మే పొడిలో రంగు కలిసే అవకాశం ఉంది కనుక కొమ్ము తెచ్చి ఇంట్లో దంచుకున్నదే పుండుకు వాడండి. దాన్ని మంచి తేనెలో గానీ, కాచి చల్లార్చిన కొబ్బరి నూనెలో గానీ కలిపి పలుచని పూతగా రాయాలి. మెత్తుకోకూడదు. దట్టంగా మెత్తిన పసుపు పెచ్చుకట్టి, దాని కింద చీము చేరినా, ఈగ పెట్టిన గుడ్ల నుంచి పురుగులు పుట్టినా పైకి కనిపించదు. అందుకే ఉదయం, సాయంత్రం పాత పూతను కడిగివేసి, పుండును కళ్ళతో చూసి, వాసన కూడా చూసి, మళ్ళీ రాయాలి. వేప నూనెను పుండులో వేయకుండా, చుట్టూ ఉన్న చర్మానికి మాత్రమే కొద్దిగా రాస్తే ఈగలు తగ్గుతాయి.

కిరోసిన్ మాత్రం పోయవద్దు. అది చర్మాన్ని కాల్చి పుండును పెద్దది చేస్తుంది, ఒంటిలోకి ఇంకుతుంది, కోడి ముక్కుతో ఒళ్ళు సర్దుకునేటప్పుడు లోపలికి కూడా పోతుంది. ఫినాయిలు, వాడేసిన ఇంజను నూనె కూడా అంతే. పురుగులు కనిపిస్తే ఉప్పునీటి ధారతో కడుగుతూ పట్టకారుతో ఒక్కొక్కటే తీయండి. కొన్ని లోపలికి జరిగిపోతాయి కనుక అరగంట ఆగి మళ్ళీ చూడాలి, మరునాడు మళ్ళీ చూడాలి. పుండు చుట్టూ చర్మం కింద ఆకుపచ్చ రంగు కనిపిస్తే కుళ్ళిందని కంగారు పడవద్దు, కోడి ఒంట్లో కమిలిన రక్తం రెండు మూడు రోజులకు ఆ రంగుకే మారుతుంది. కుళ్ళు అయితే దుర్వాసన వస్తుంది, ఆ చోటు నల్లబడి చల్లగా తగులుతుంది. చర్మం కింద గాలి బుడగలా ఉబ్బినా, పంటి గాటు పొట్ట లోపలికి దిగినా, పెట్ట రెండు రోజులుగా ఏమీ ముట్టకపోయినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఈ పెట్టను కూడా వేరుగానే ఉంచాలి, కారణం మాత్రం వేరు. ఎర్రగా కనిపించిన పుండును తోటి కోళ్ళు పొడుస్తాయి, ఒకసారి రక్తం రుచి చూశాక ఆగవు. అయితే జబ్బు పెట్టల గంప దగ్గరకు దీన్ని చేర్చకండి. ఇంటి వసారాలో, కింద పొడి గడ్డి పరిచి, ఎక్కి దూకే అవసరం లేకుండా, తోటి కోళ్ళ అరుపులు వినిపించే చోట పెడితే బెంగపడకుండా ఉంటుంది. పుండు పూడడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు; ఈకలు ఇంకా ఆలస్యంగా వస్తాయి. పసుపు, తేనె తప్ప మరేమీ వాడలేదు కనుక ఆ పెట్ట గుడ్లను మీ పిల్లలకు నిరభ్యంతరంగా పెట్టవచ్చు.

నీళ్ళు పట్టించే పద్ధతిలో పొరపాటు వల్ల చనిపోయే కోళ్ళు కూడా ఉంటాయి. తల పైకెత్తి, ముక్కు తెరిచి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఎందుకంటే కోడికి ఊపిరి ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది. నోరు తెరిచి చూస్తే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న చిన్న చీలిక కనిపిస్తుంది. ముక్కు పక్కన చివర ఒక్కో చుక్క వేస్తే అది తనంతట తానే చప్పరించి మింగుతుంది. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర గానీ అంత బెల్లం గానీ, అర చెంచా ఉప్పు కలిపితే చాలు. ముందు నీళ్ళు, తరువాత వెచ్చదనం, ఆ తరువాతనే మేత. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది కనుక చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం అనుకోకూడదు. ఈకలు ఉబ్బించి ముడుచుకుంటే దానికి చలి వేస్తోందని అర్థం. మీ వైపు పుష్య మాసపు రాత్రుల్లో వేడినీళ్ళ సీసాకు గోనె చుట్టి గంపలో ఒక పక్కన పెట్టండి. తేరుకున్నాక పలుచని చోడి (రాగి) అంబలి, ఉడికించి నలిపిన గుడ్డు, సన్నగా తరిగిన మునగాకు కొద్దికొద్దిగా పెట్టండి. వేపాకు కషాయాన్ని తాగే నీటిలో కలపమని చాలామంది చెబుతారు. నాకు ఆ సలహా నచ్చదు, ఎందుకంటే చేదు వల్ల జబ్బు కోడి ఉన్న నీళ్ళు కూడా మానేస్తుంది.

పిల్లల పొక్కులు మీ వర్ణనను బట్టి కోళ్ళ మశూచి లాగా ఉన్నాయి. ఇది కూడా వైరస్సే, దోమల ద్వారా పాకుతుంది. కానీ కొక్కెర తెగులంత క్రూరమైనది కాదు. ఈకలు లేని చోట లేచిన పొక్కులు మూడు నాలుగు వారాల్లో ఎండి వాటంతట అవే రాలిపోతాయి. ఈలోగా పిల్ల చనిపోతే చాలాసార్లు అది ఆకలి వల్లనే, ఎందుకంటే పెచ్చులు కట్టి రెండు కళ్ళూ మూసుకుపోతే మేత ఎదురుగా ఉన్నా దానికి కనిపించదు. అందువల్ల మీరు చేయవలసిన అసలు వైద్యం రోజుకు రెండు మూడు సార్లు గోరువెచ్చని ఉప్పునీటిలో ముంచిన దూదితో కంటి పెచ్చును నానబెట్టి, కన్ను తెరుచుకునేలా చేసి, నూకల జావను ముక్కుకు తాకించి తినిపించడం. పెచ్చులను గోకి తీయవద్దు; రక్తం కారడమే కాక, రాలిన పెచ్చులోని వైరస్ నెలల తరబడి గూట్లో బతికి ఉంటుంది. వేపాకు, పసుపు మెత్తగా నూరి కొబ్బరి నూనెలో కలిపి జుట్టు మీద, కాళ్ళ మీద పొక్కులకు రాయవచ్చు, కళ్ళ దగ్గర మాత్రం వద్దు. పచ్చి వెల్లుల్లి ముద్ద లేత చర్మాన్ని మండిస్తుంది కనుక దాన్ని ఎక్కడా రాయకండి. రాత్రిపూట పిల్లల గంప మీద పాత దోమతెర కప్పండి. నోటి లోపల పసుపుపచ్చని జున్నులాంటి పొరలు కట్టి పిల్ల ఊపిరికి తన్నుకుంటే మాత్రం అది లోపలి మశూచి, వైద్యునికి చూపాలి. ఈ జబ్బుకూ టీకా ఉంది, ఇంకా సోకనివాటికి వ్యాధి నడుస్తుండగానే వేయించవచ్చు. పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే అది వేరే జబ్బు, పసుపుకు లొంగదు. దానికి నీటిలో కలిపే ఆంప్రోలియం పొడి ఆసుపత్రిలో అడగండి, పిల్లల కింద చెమ్మ లేకుండా చూడండి.

మనుషుల క్యాప్సూలు గురించి అడిగారు. అది వైరస్ మీద పనిచేయదు. కోడి బరువుకు ఎంత వేయాలో దుకాణంవారికి తెలియదు, పైగా దాని అవశేషాలు మీరు భయపడుతున్నట్టు గుడ్లలోకి, మాంసంలోకి చేరతాయి. వైద్యుడు ఎప్పుడైనా యాంటీబయాటిక్ రాస్తే మందును తోసిపుచ్చవద్దు, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకుని ఆ మేరకు పారవేయండి.

మందుల జోలికి పోకూడదన్న మీ పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ టీకాను ఆ మందుల లెక్కలో వేయకండి, అది గుడ్డును తినరానిదిగా చేయదు. కొక్కెర తెగులుకు పిల్లల 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క లసోటా టీకా వేస్తారు. 8 వారాలు దాటాక ఆర్‌టూబీ అనే టీకాను అర మిల్లీలీటరు చొప్పున రెక్క కింద చర్మంలోకి ఇస్తారు. ఈ రెండోది చిన్న పిల్లలకు పనికిరాదు, వాటికి ప్రమాదం. చిక్కు ఎక్కడంటే సీసా సాధారణంగా 100 కోళ్ళకు సరిపడేదిగా వస్తుంది, కలిపిన తరువాత మంచు మీద ఉంచి గంట రెండు గంటల్లో వాడేయాలి. 14 కోళ్ళు ఉన్న ఇంటికి అది దండగగా తోచి ఎవరూ తెచ్చుకోరు. మీ వీధిలో ఏడెనిమిది ఇళ్ళవారు కలిసి, కోళ్ళను బయటకు వదలని ఒక ఉదయం పూట పశువైద్య సిబ్బందిని పిలిపించుకుంటే ఒక్క సీసాతో వీధి అంతటికీ పని జరుగుతుంది. వారం ముందు నట్టల మందు వేయించి ఉంటే టీకా బాగా పడుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఆరోగ్యంగా కనిపిస్తున్నవాటికి వెంటనే వేయాలా, ఆగాలా అన్నది వచ్చిన వైద్యుడే చూసి తేల్చాలి, ఎందుకంటే తెగులు అప్పటికే ఒంట్లోకి దిగిన కోడిని టీకా కాపాడలేదు.

చివరగా గూడు. చివరి జబ్బు కోడి పోయిన తరువాత గడ్డి, రెట్ట అంతా గీకి కాల్చివేసి, గోడలకు, నేలకు సున్నం కొట్టి, కర్రల సందుల్లో పగలు దాక్కునే ఎర్ర పురుగులు పోయేలా మరిగే నీళ్ళు పోసి, తలుపు తీసి ఎండ తగలనివ్వండి. కనీసం మూడు వారాలు ఖాళీగా ఉంచిన తరువాతనే కొత్త కోళ్ళను పెట్టండి. మశూచి వచ్చిన గూడు కనుక కొత్త పిల్లలను టీకా వేయించకుండా అందులో వదలవద్దు. ఒక మూల పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి పోసి ఉంచితే కోళ్ళు అందులో పొర్లి పేలను అవే వదిలించుకుంటాయి. ఇకమీదట సంతలో కొన్న కోడిని, అది ఎంత మంచి పుంజైనా సరే, రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచి, దాని మేత గిన్నె, నీళ్ళ చిప్ప కూడా వేరుగా పెట్టి, ఆ తరువాతనే మందలో కలపండి.